మౌలిక వసతుల్లో పీపీపీ: జాతీయ చట్రాన్ని ఎలా రూపొందించాలి

ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ)లో రోడ్డో, ఆసుపత్రో, నీటి శుద్ధి కేంద్రమో కట్టించినప్పుడు ప్రైవేటు సంస్థ ఇప్పుడు ఖర్చు పెడుతుంది, తర్వాత రాబట్టుకుంటుంది. రాబట్టుకునే దారులు రెండే. ఒకటి, వాడుకునేవాళ్లు కట్టే టోలు, చార్జీలు. రెండు, ఖజానా ఏటా కట్టే చెల్లింపులు. మూడో దారి లేదు. పీపీపీకి జాతీయ చట్రం రాయబోయే బృందం ముందు ఈ విషయాన్ని మనసులో స్థిరపరచుకోవాలి. చట్టం, పీపీపీ సెల్ (ప్రాజెక్టుల తయారీకి సాయపడే ప్రభుత్వ విభాగం), నమూనా ఒప్పందం, టెండరు నియమాలు, ఇవన్నీ ఒక్క పని కోసమే: రాబోయే 20, 30 ఏళ్లలో ఎవరు ఎంత కట్టాలో, ఏది చెడితే ఎవరి నెత్తిన పడుతుందో సంతకానికి ముందే తేల్చడం. ఆ లెక్క తేలకుండా ఎంత మంచి చట్టం రాసినా ఉపయోగం ఉండదు.

ముందు లెక్క

1,000 కోట్ల పెట్టుబడి కావలసిన ఒక ప్రాజెక్టు తీసుకోండి. ఈక్విటీ (యజమానుల సొంత పెట్టుబడి), అప్పు కలిపి ప్రైవేటు సంస్థకు సగటున 10 శాతం రాబడి కావాలనుకుందాం. 20 ఏళ్ల పాటు సమాన వార్షిక వాయిదాల్లో చెల్లిస్తే ఏటా సుమారు 117 కోట్లు అవుతుంది. అదే డబ్బు ప్రభుత్వం 7 శాతానికి అప్పు తెస్తే ఏటా సుమారు 94 కోట్లు. తేడా 23 కోట్లు, 20 ఏళ్లకు 460 కోట్లు.

ఈ తేడా చూసి పీపీపీ దండగ అని తేల్చేయకూడదు. ప్రభుత్వానికి 7 శాతానికే అప్పు దొరకడానికి కారణం, ప్రాజెక్టు దెబ్బతిన్నా నష్టాన్ని పన్ను కట్టేవాళ్లు భరిస్తారన్న ధీమా. ఆ 23 కోట్లు రిస్కు మోసినందుకు ప్రైవేటు సంస్థకిచ్చే కూలి. నిర్మాణ ఖర్చు పెరిగినా, పని ఆలస్యమైనా, పైకప్పు కారినా నష్టం నిజంగా వాళ్లదే అయితే ఆ కూలి గిట్టుబాటు కావచ్చు. హామీల మీద హామీలు ఇచ్చి ఆ రిస్కును మళ్లీ ప్రభుత్వమే తీసుకుంటే మాత్రం ఏటా 23 కోట్లు ఊరికే పోతున్నట్టే. చట్రంలో తర్వాత వచ్చే ప్రతి నిబంధననూ ఈ ప్రశ్నతోనే పరీక్షించాలి.

ఇప్పుడు నిర్వహణ ఖర్చు ఏటా 30 కోట్లు కలపండి. వార్షిక చెల్లింపు 147 కోట్లవుతుంది. ఇలాంటివి పది ప్రాజెక్టులకు సంతకం చేస్తే ఏటా 1,470 కోట్లు. ఆ శాఖ వార్షిక బడ్జెట్ 5,000 కోట్లయి, అందులో 70 శాతం జీతాలకు, పాత పనులకు పోతుంటే మిగిలేది 1,500 కోట్లు. అంటే ఆ శాఖ చేతులు ఇరవై ఏళ్ల పాటు కట్టేసినట్టే. ప్రాజెక్టులను ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ భరించగలిగినట్టే కనిపిస్తాయి. అందుకే పరీక్ష శాఖ మొత్తానికీ, దేశం మొత్తానికీ కలిపి జరగాలి.

ద్రవ్యోల్బణం విషయంలో చాలా దేశాలు ఒకే చోట పొరపడతాయి. మొత్తం వార్షిక చెల్లింపును ధరల సూచీకి ముడిపెడతారు. పెట్టుబడి భాగానికి తీసుకున్న అప్పు స్థిర వడ్డీదైతే, దాన్ని తీర్చే వాయిదా ధరలతో పాటు పెరగాల్సిన అవసరం లేదు. సూచీ వర్తించాల్సింది జీతాలు, విద్యుత్తు, మరమ్మతులు ఉన్న ఆ 30 కోట్ల భాగానికే. నమూనా ఒప్పందంలో రెండు భాగాలనూ విడివిడిగా రాయండి.

లెక్క వేశాక పరిమితి పెట్టాలి. బ్రెజిల్ 2004లో తెచ్చిన 11,079 నంబరు చట్టం ఫెడరల్ ప్రభుత్వ పీపీపీ చెల్లింపులను నికర వర్తమాన ఆదాయంలో ఒక శాతానికి పరిమితం చేసింది. రాష్ట్రాల పరిమితి తర్వాతి సవరణలతో పెరుగుతూ వెళ్లింది. పరిమితి పెట్టినవాళ్లే దాన్ని సడలించే ఒత్తిడికి గురవుతారని దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి సడలింపు అధికారం మంత్రివర్గానికి కాక పార్లమెంటుకే ఉండేలా రాయడం మేలు. పరిమితిలో నేరుగా కట్టే చెల్లింపులతో పాటు హామీల వల్ల పడగల భారాన్నీ కలపాలి. లేకపోతే అందరూ హామీల దారే పడతారు.

హామీల భారం ఎలా పెరుగుతుందో దక్షిణ కొరియా చూసింది. ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత 1999లో పెట్టుబడిదారులను రప్పించడానికి కనీస ఆదాయ హామీ ఇచ్చింది. ఇంచియాన్ విమానాశ్రయ ఎక్స్‌ప్రెస్‌వే మీద వాహనాలు అంచనాకు చాలా దిగువన ఉండటంతో ప్రభుత్వం ఏటా తేడా కట్టాల్సి వచ్చింది. 2006లో ప్రైవేటు సంస్థలు తామే ప్రతిపాదించిన ప్రాజెక్టులకు, 2009లో మిగతావాటికీ ఆ హామీ ఎత్తేశారు. అందులోని మెలిక ఇది. అంచనా ఆదాయం 100 అనీ, హామీ 90 శాతమనీ అనుకోండి. అసలు ఆదాయం 70 వస్తే ప్రభుత్వం ఏటా 20 కడుతుంది. అంచనాను 130కి పెంచి రాసుకుంటే హామీ 117 అవుతుంది, చెల్లింపు 47కి చేరుతుంది. అంచనా వేసేది బిడ్డరే అయితే, దాన్ని పెంచే కొద్దీ అతనికే లాభం. హామీ ఇవ్వక తప్పకపోతే అంచనా ప్రభుత్వం తరఫున స్వతంత్రంగా జరగాలి. ముందే రాసుకున్న గరిష్ఠ స్థాయి దాటిన ఆదాయంలో ప్రభుత్వానికి వాటా ఉండాలి. హామీ మొదటి కొన్నేళ్లకే పరిమితం కావాలి.

ప్రతి హామీకీ మూడు అంకెలు నమోదు చేయండి: మామూలు పరిస్థితిలో ఏడాదికి ఎంత, పరిస్థితి బాగోలేకపోతే ఎంత, అన్నీ చెడితే ఎంత. దీనికి ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2016లో విడుదల చేసిన పీఫ్రామ్ అనే స్ప్రెడ్‌షీట్ సాధనం ఉచితంగా దొరుకుతుంది. కొలంబియా 1998 నాటి 448వ చట్టంతో ఇంకో అడుగు వేసింది. హామీ ఇచ్చిన సంస్థ అంచనా భారం మేరకు ముందుగానే ఒక నిధిలో జమ కట్టాలి. హామీకి ఖరీదు ఉందని అప్పుడుగానీ శాఖలకు అర్థం కాదు.

జమాఖర్చుల ప్రమాణాన్ని కూడా మొదట్లోనే ఎంచుకోండి. ఆస్తి ఎవరి నియంత్రణలో ఉందన్నది కొలమానంగా తీసుకునే ఇప్సాస్ 32 (ప్రభుత్వ రంగానికి ఉన్న అంతర్జాతీయ జమాఖర్చుల ప్రమాణాల్లో ఒకటి) ప్రకారం చాలా పీపీపీ ఆస్తులు, వాటి బాధ్యతలు ప్రభుత్వ పద్దుల్లోకే వస్తాయి. బడ్జెట్ లోటులో కనిపించదన్న ఒక్క కారణంతో పీపీపీని ఎంచుకునే దురలవాటును ఇది మొగ్గలోనే తుంచుతుంది. నా ఉద్దేశంలో ఈ ఒక్క నిర్ణయం నూరు పేజీల మార్గదర్శకాల కంటే ఎక్కువ పని చేస్తుంది.

చట్టమా, విధాన పత్రమా?

దీని మీద నెలల తరబడి వాదించనక్కర్లేదు. ఇప్పుడున్న సేకరణ (ప్రభుత్వ కొనుగోళ్ల) చట్టం, భూ చట్టం, రంగాలవారీ చట్టాలు దీర్ఘకాలిక ఒప్పందాలకు, వినియోగ చార్జీల వసూలుకు, రుణదాతల జోక్య హక్కుకు (సంస్థ విఫలమైతే ప్రాజెక్టును తాత్కాలికంగా తమ చేతిలోకి తీసుకునే హక్కు) అడ్డు రాకపోతే మంత్రివర్గం ఆమోదించిన విధానంతో మొదలుపెట్టవచ్చు. అడ్డు వస్తే చట్టం కావాలి. భారత్ 2006 నుంచీ ప్రత్యేక పీపీపీ చట్టం లేకుండానే మార్గదర్శకాలు, నమూనా ఒప్పందాలు, వయబిలిటీ గ్యాప్ నిధితో (ఆదాయం చాలని ప్రాజెక్టులకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు) నడిపించింది. ఫిలిప్పీన్స్ 1990 నాటి బీవోటీ (కట్టి, నడిపి, తిరిగి అప్పగించే పద్ధతి) చట్టంతో మొదలుపెట్టి, 2023లో సమగ్ర పీపీపీ కోడ్‌కు వచ్చింది. చట్టంలో సూత్రాలు, అధికారాలు, పరిమితులు మాత్రమే పెట్టండి. ఫారాలు, గడువులు, లెక్కల పద్ధతులు నియమాల్లో పెడితే మార్చుకోవడం తేలిక.

'వద్దు' అనే అధికారం ఎవరికి?

ప్రాజెక్టు కావాలనుకునేది శాఖ. దాన్ని తయారుచేసి మార్కెట్‌కు తీసుకెళ్లడంలో సాయపడేది పీపీపీ సెల్. ఖజానా తరఫున వద్దని చెప్పగలిగేది ఆర్థిక శాఖ. ఈ మూడు పాత్రలూ వేర్వేరు చేతుల్లో ఉండాలి. పెట్టుబడులను ప్రోత్సహించే సంస్థకే ఆమోదించే అధికారం ఇస్తే, ఎన్ని ఒప్పందాలు కుదిర్చామన్నదే దాని కొలమానం అవుతుంది. అలాంటి సంస్థ ఏ ప్రాజెక్టునూ ఆపదు.

దక్షిణాఫ్రికా 2000లో ట్రెజరీ (అక్కడి ఆర్థిక శాఖ)లో పీపీపీ యూనిట్ పెట్టి, ట్రెజరీ నిబంధన 16 కింద నాలుగు అనుమతుల పద్ధతి తెచ్చింది. సాధ్యాసాధ్యాల అధ్యయనం అయ్యాక మొదటి అనుమతి, టెండరు పత్రాలు సిద్ధమయ్యాక రెండోది, బిడ్ ఎంపిక చేశాక మూడోది, సంతకానికి ముందు నాలుగోది. ఆ పద్ధతి అడిగే ప్రశ్నలు మూడు: భరించగలమా, పెట్టిన డబ్బుకు తగిన విలువ వస్తుందా, రిస్కు నిజంగా బదిలీ అవుతోందా? ఏ దేశమైనా ఈ ఎముకల గూటిని తీసుకుని తన సంస్థలకు తగ్గట్టు మలచుకోవచ్చు. నాలుగో అనుమతిని మాత్రం వదలకండి. బిడ్ ఎంపికకూ సంతకానికీ మధ్య జరిగే బేరసారాల్లోనే రిస్కులు చడీచప్పుడు లేకుండా చేతులు మారతాయి.

సెల్‌లో మొదట ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. ప్రాజెక్ట్ ఫైనాన్స్ మోడల్‌ను సొంతంగా విప్పి చదవగల ఇద్దరు, ఒప్పందాల న్యాయవాదులు ఇద్దరు, రంగం తెలిసిన ఇంజినీర్లు, సేకరణ నిపుణులు ఉండాలి. కన్సల్టెంట్లు ఎంతమంది ఉన్నా వాళ్ల పని సరిగా ఉందో లేదో చెప్పగలిగేవాళ్లు లోపల ఉండాల్సిందే. ప్రాజెక్టు తయారీకి పెట్టుబడిలో 3 నుంచి 5 శాతం దాకా ఖర్చవుతుంది. దీనికి తిరిగి నిండే నిధి ఒకటి ఏర్పాటు చేసి, గెలిచిన బిడ్డర్ నుంచి ఆ ఖర్చు రాబట్టండి. ప్రాజెక్టు చిన్నదైనా ఈ ఖర్చు అంతగా తగ్గదు. అందుకే కనీస పరిమాణం ఒకటి పెట్టి, చిన్నవాటిని కలిపి ఒకే ప్యాకేజీగా ఇవ్వాలి.

ప్రాజెక్టు ముందు, పద్ధతి తర్వాత

అసలు ఈ వంతెన కావాలా అన్నది మొదటి ప్రశ్న. సామాజిక వ్యయ-ప్రయోజన లెక్కలో నెగ్గి, జాతీయ పెట్టుబడి ప్రణాళికలో చోటు సంపాదించాకే దాన్ని పీపీపీగా చేయాలా, మామూలు కాంట్రాక్టుగా చేయాలా అని అడగాలి. ఈ వరుస తలకిందులైతే, ప్రైవేటు సంస్థకు లాభసాటిగా ఉందన్న కారణంతో అక్కర్లేని ప్రాజెక్టులు ముందుకొస్తాయి.

పీపీపీ, మామూలు పద్ధతి రెండింటినీ పోల్చే లెక్కను అతిగా నమ్మవద్దు. డిస్కౌంట్ రేటును (రాబోయే ఏళ్ల డబ్బును ఇవాళ్టి విలువలోకి మార్చే రేటు) ఒక శాతం అటూ ఇటూ చేస్తే ఫలితం తలకిందులు కావచ్చు. రేటును ఆర్థిక శాఖ అందరికీ ఒకటే ఖరారు చేయాలి. ఫలితం ఒకే అంకెగా కాక శ్రేణిగా రావాలి. దానితో పాటు కొన్ని మామూలు ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు ఉండాలి. కావలసిన సేవను కొలవగలమా? పదేళ్ల తర్వాత అవసరం మారే అవకాశం ఎంత? కనీసం ముగ్గురు గట్టి బిడ్డర్లు వస్తారా? సాంకేతికత వేగంగా మారే ఐటీ సేవలకు 25 ఏళ్ల ఒప్పందం ఎప్పుడూ ఇరుకున పెడుతుంది.

రిస్కుల పంపకం

ఎవరు అదుపు చేయగలరో రిస్కు వాళ్లది. ఎవరూ అదుపు చేయలేనిదైతే, తక్కువ ఖర్చుతో మోయగలిగినవాళ్లది. నిర్మాణ వ్యయం, ఆలస్యం, నిర్వహణ నాణ్యత ప్రైవేటు సంస్థ మీద ఉండాలి. భూసేకరణ, పునరావాసం, అటవీ అనుమతులు, చట్టాల్లో మార్పులు ప్రభుత్వం మీద ఉండాలి. ఇందులో భూమిదే ఎక్కువ తలనొప్పి. భూమి చేతికి రాకుండా సంతకం చేస్తే వడ్డీ మీటరు తిరుగుతుంది, పని కదలదు, పరిహార దావాలు మొదలవుతాయి. భారత జాతీయ రహదారుల్లో ఈ దెబ్బ తిన్నాకే 80 శాతం భూమి సిద్ధంగా ఉంటేగానీ పని మొదలయ్యే తేదీ ప్రకటించకూడదన్న పద్ధతిని గట్టిపరిచారు. చట్రంలో ఇలాంటి అంకె ఉండి తీరాలి, దాన్ని మూడో అనుమతికి షరతుగా పెట్టాలి.

రద్దీ రిస్కును (అనుకున్నంత వాడకం లేకపోతే వచ్చే నష్టాన్ని) ఎవరికివ్వాలన్నది రంగాన్నిబట్టి ఉంటుంది. రేవు నడిపే సంస్థ ఓడలను ఆకర్షించగలదు. ఊరి నుంచి ఊరికి పోయే రోడ్డును నడిపే సంస్థ వాహనాల సంఖ్యను పెద్దగా మార్చలేదు. అలాంటి చోట రద్దీ రిస్కు మొత్తం అంటగడితే బిడ్డర్లు ఆ భయాన్ని ధరలో కలిపేస్తారు, లేదా గుడ్డి ఆశతో గెలిచి తర్వాత చేతులెత్తేస్తారు. విదేశీ అప్పు తెచ్చి స్థానిక కరెన్సీలో టోలు వసూలు చేసే ప్రాజెక్టులకు కరెన్సీ పతనం ప్రాణాంతకం. ఆ రిస్కును ఖజానా మీద వేసుకునే ముందు, అప్పు స్థానికంగా దొరుకుతుందా అని వెతకాలి.

దేని మీద పోటీ పెట్టాలి?

మెక్సికో 1980ల చివర్లో భారీ టోల్ రోడ్ల కార్యక్రమం చేపట్టి, తక్కువ కాలం కన్సెషన్ (ఆస్తిని నడిపి డబ్బు వసూలు చేసుకునే హక్కు) అడిగినవాళ్లకే రోడ్లు ఇచ్చింది. తక్కువ కాలంలో డబ్బు రాబట్టాలంటే టోలు ఎక్కువ పెట్టాలి, ఎక్కువ పెడితే వాహనాలు పాత రోడ్డుకే పోతాయి. 1994 పెసో సంక్షోభం తోడయ్యేసరికి 1997లో ప్రభుత్వం 23 కన్సెషన్లను తన చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. పోటీ పెట్టిన అంశమే అక్కడి వైఫల్యానికి ముఖ్య కారణాల్లో ఒకటి.

చిలీ 1998లో శాంటియాగో నుంచి వల్పరైసో వెళ్లే రూట్ 68కు ఇంకో పద్ధతి వాడింది. టోలు పరిమితిని ప్రభుత్వం ఖరారు చేసింది. ఆనాటి విలువలో మొత్తం ఎంత ఆదాయం వస్తే చాలో బిడ్డర్లు చెప్పారు. తక్కువ అడిగినవాళ్లకు రోడ్డు దక్కింది. ఆ మొత్తం వసూలైన రోజున కన్సెషన్ ముగుస్తుంది. వాహనాలు తగ్గితే గడువు సాగుతుంది, పెరిగితే ముందే ముగుస్తుంది. మధ్యలో ప్రభుత్వం రోడ్డును వెనక్కి తీసుకోవాలంటే ఇవ్వాల్సిన మొత్తానికి ఇంకా వసూలు కాని బాకీయే ఆధారం, కాబట్టి తగాదా తక్కువ. రద్దీని పెంచడానికి నిర్వాహకుడికి ప్రోత్సాహం ఉండదు గనుక రేవులకు, విమానాశ్రయాలకు ఇది అంతగా నప్పదు. ప్రభుత్వమే చెల్లించే ప్రాజెక్టుల్లో పోటీ చెల్లింపుల మొత్తం మీదే ఉండాలి. భారత్ 2016లో తెచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో 40 శాతం నిర్మాణ సమయంలోనే ఇస్తారు. మిగతాది దాదాపు 15 ఏళ్ల పాటు వాయిదాల్లో ఇస్తారు. టోలు రిస్కు ప్రభుత్వానిది, నిర్మాణ రిస్కు సంస్థది.

అంశం ఏదైనా ఒక్కటే పెట్టండి. ధరకు ఇన్ని మార్కులు, గడువుకు ఇన్ని, ఉపాధికి ఇన్ని అని కలిపితే గెలుపును కొలిచేవాళ్ల ఇష్టానికి వదిలేసినట్టే. సాంకేతిక అర్హతను పాస్, ఫెయిల్‌గా తేల్చి, ఆ తర్వాత ఒక్క అంకె మీద పోటీ నడపాలి. ప్రైవేటు సంస్థ తానే పట్టుకొచ్చే ప్రతిపాదనలనూ పోటీ టెండరుకు పెట్టాలి. ఆలోచన ఇచ్చినందుకు అధ్యయన ఖర్చు తిరిగి ఇవ్వడమో, కొద్దిపాటి బోనస్ మార్కులో చాలు. ఇతరులకు బిడ్ తయారీకి నెలా రెండు నెలలే ఇస్తే ఆ పోటీ పేరుకే. ఏడాది పాటు ప్రాజెక్టును చదివినవాళ్లతో ఎవరూ తలపడలేరు.

ఒప్పందంలో చూసుకోవాల్సినవి

రద్దు చెల్లింపు నిబంధనను అందరూ చివర్లో చదువుతారు. చదవాల్సింది మొదట్లో. సంస్థ తప్పు వల్ల ఒప్పందం రద్దయితే రుణదాతలకు బాకీ మొత్తం ఇవ్వకూడదు, అందులో 80, 90 శాతమే ఇవ్వాలి. అప్పుడే బ్యాంకులు ప్రాజెక్టును కళ్లలో వత్తులేసుకుని చూస్తాయి. లండన్ భూగర్భ రైలు ఆధునికీకరణ చేపట్టిన మెట్రోనెట్ అప్పులో 95 శాతానికి ప్రభుత్వ పక్షం హామీ ఉంది. 2007లో ఆ సంస్థ కుప్పకూలినప్పుడు రుణదాతలకు పెద్దగా నష్టం లేదు, భారం ప్రజాధనం మీద పడింది. ప్రభుత్వం తప్పు వల్ల రద్దయితే బాకీ మొత్తంతో పాటు ఈక్విటీకి పరిహారం ఇవ్వాలి. ప్రకృతి వైపరీత్యం లాంటి కారణాలకు ఈ రెండింటి మధ్య రకం చెల్లింపు ఉండాలి.

తర్వాతిది ఒప్పంద సవరణలు. 1980ల మధ్య నుంచి 2000 దాకా లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల్లో వెయ్యికి పైగా కన్సెషన్లను పరిశీలించిన ప్రపంచ బ్యాంకు అధ్యయనంలో, నీటి రంగంలో 74 శాతం, రవాణాలో 55 శాతం ఒప్పందాలను తిరగరాశారని తేలింది. ఆ తిరగరాత సగటున 2.2 ఏళ్లలోనే జరిగింది. అంటే తక్కువ కోట్ చేసి గెలవడం, ఆ తర్వాత పోటీదారులు లేకుండా ఒంటరిగా కూర్చుని బేరమాడటం ఒక వ్యాపార పద్ధతి అయిపోయింది. దీన్ని ఆపడానికి చట్రంలో ఇవి రాయండి: నిర్మాణం పూర్తయ్యే దాకా సంస్థ కోరికపై సవరణ ఉండదు. ఏ సవరణైనా రిస్కు పంపకాన్ని మార్చకూడదు. ఖజానా మీద అదనపు భారం పడితే ఆర్థిక శాఖ అనుమతి మళ్లీ కావాలి. ఒక స్థాయి దాటిన అదనపు పనులకు టెండరు పిలవాలి. సవరణ పత్రం, దాని ఖర్చు లెక్కతో సహా, ప్రజలకు అందుబాటులో ఉండాలి. వివాదాలకు సంతకం రోజు నుంచే పనిచేసే సాంకేతిక నిపుణుల ప్యానెల్ ఉంటే, చాలావరకు మధ్యవర్తిత్వం దాకా పోకుండా తెగుతాయి. చిలీ 2010 సంస్కరణల్లో ఇలాంటి ప్యానెల్ ఏర్పాటు చేసింది.

ప్రభుత్వం చెల్లించే ప్రాజెక్టుల్లో, సేవ లోపిస్తే చెల్లింపులో వేసే కోతల పట్టిక కూడా అంతే ముఖ్యం. ఆపరేషన్ థియేటర్ ఒక పూట మూతపడితే ఎంత కోత, కారిడార్‌లో దీపం వెలగకపోతే ఎంత కోత అన్నవి వేర్వేరుగా ఉండాలి. కోత చిన్నదైతే సంస్థ దాన్ని మామూలు ఖర్చు కింద రాసుకుంటుంది. మరీ పెద్దదైతే అమలు చేయడానికి అధికారులే జంకుతారు.

సంతకం తర్వాత

ఎక్కువ దేశాలు సంతకం దాకా శక్తినంతా పెట్టి, ఆ తర్వాత ఫైలును ఒక జూనియర్ అధికారి బల్ల మీద వదిలేస్తాయి. అవతలి పక్షానికి మాత్రం పాతికేళ్లూ న్యాయవాదులు, లెక్కల నిపుణులు ఉంటారు. టెండరు బృందంలోని కనీసం ఒకరు మొదటి రెండేళ్లు ఒప్పంద మేనేజరుగా కొనసాగాలి. ఏ నిబంధన ఎందుకు రాశామో కొత్తవాళ్లకు అర్థమయ్యే మాన్యువల్ సంతకంతో పాటే సిద్ధంగా ఉండాలి. పనిని తనిఖీ చేసే స్వతంత్ర ఇంజినీరు ఫీజును రెండు పక్షాలూ పంచుకోవచ్చు, నియామకం మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. ఆడిట్ సంస్థకు ఎస్పీవీ (ఆ ప్రాజెక్టు కోసమే పెట్టిన కంపెనీ) పద్దులు చూసే హక్కు ఒప్పందంలోనే రాయాలి. తర్వాత అడిగితే దొరకదు.

ఆస్తిని తిరిగి అప్పగించే నిబంధన ఇరవై ఏళ్ల తర్వాతి మాట అని వదిలేయకండి. గడువుకు ఐదేళ్ల ముందు ఉమ్మడి తనిఖీ జరగాలి. మరమ్మతుల జాబితా తేలాలి. చివరి రెండు మూడేళ్ల ఆదాయంలో కొంత ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరేదాకా ఎవరూ తీయలేని ఖాతా) నిలవాలి. లేకపోతే చివరి ఏళ్లలో ఎవరూ తారు పోయరు.

ఏది ఎప్పుడు

మొదటి ఆరు నెలల్లో ఇప్పటికే ఉన్న ఒప్పందాలు, హామీలు అన్నీ ఒకే రిజిస్టర్‌లోకి రావాలి. చాలా చోట్ల ఆ అంకె తెలిసే సరికే చర్చ దారి మారుతుంది. తర్వాతి ఆరు నెలల్లో పరిమితి, అనుమతుల పద్ధతి, సెల్ నియామకాలు ఖరారు చేయాలి. నమూనా ఒప్పందాలు రెండు మూడు రంగాలకే రాయండి, అవి కూడా తొలి ప్రాజెక్టులతో పాటే. గదిలో కూర్చుని రాసిన నమూనా మొదటి బిడ్డర్ల సమావేశంలోనే చిరిగిపోతుంది. మొదట రెండు మూడు ప్రాజెక్టులే టెండరుకు తీసుకెళ్లాలి. భూమి చేతిలో ఉన్నవి, సాంకేతికత తెలిసినవి, చార్జీల మీద రాజకీయ తగాదా లేనివి ఎంచుకోవాలి. ఒక్కోదానికి టెండరు నుంచి ఆర్థిక ముగింపు (రుణ ఒప్పందాలు ఖరారై డబ్బు అందుబాటులోకి రావడం) దాకా 18 నుంచి 24 నెలలు పడుతుంది. వాటిలో మొదటిదానికి నాలుగో అనుమతి పూర్తయ్యాక, ఎక్కడ ఇరుక్కున్నామో చూసి నియమాలను సవరించి, అప్పుడు మిగతా జాబితాను తెరవండి.